మంచం మీదికి కనబడని పూలు

మా బాబాయి సిటీ బస్సు డ్రైవరు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒక్క మొక్కకి నీళ్ళు పోసిన పాపాన పోలేదు. అలాంటి మనిషి రిటైరయ్యాక మొక్కల దుకాణం మెట్లెక్కాడంటే, అంతా మా పిన్ని కోసమే. పిన్ని మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది, ఇక నడవాలన్నాడు డాక్టరు. ఆవిడ మంచం దిగనంది. మళ్ళీ పడతానేమోనని భయం. ఇలాగే పడుకుంటే ఇక లేవదేమోనని బాబాయికి బెంగ.

"కళ్ళెదురుగా నాలుగు పూలుంటే మనసు మళ్ళుతుందిరా" అన్నాడు నాతో.

మొదటిసారి దుకాణంలో అన్నిటికంటే విరగబూసిన కుండీని ఎత్తుకొచ్చాడు. అప్పటికే పూర్తిగా విచ్చుకున్న పూలు ఎన్నాళ్ళుంటాయి? రాలిపోయాయి. పైగా రేడియేటర్లో నీళ్ళు చూసుకోకుండా ఏనాడూ బండి కదిలించని మనిషాయె, రోజూ పొద్దున్నే లేచి కుండీ అంచుదాకా నింపాడు. వేళ్ళు కుళ్ళి మొక్క చచ్చింది.

"అంతా మీ చేతి చలవే" అని పిన్ని గోడవైపు తిరిగి పడుకుంది.

నేనైతే ప్లాస్టిక్ పూలు తెచ్చిపెట్టి చేతులు దులుపుకునేవాణ్ణి. బాబాయి మాత్రం ఖాళీ కుండీ చంకన పెట్టుకుని మళ్ళీ అదే దుకాణానికి వెళ్ళాడు.

"మొక్కని చంపేశానమ్మా. నాకేం తెలీదు, మొదట్నించీ చెప్పు" అన్నాడు.

ముందుగా, పిన్ని పడుకునే గదిలో వెలుగు ఎక్కడ పడుతుందో చూసి రమ్మంది దుకాణం ఆవిడ. ఆయన కుర్చీ వేసుకుని పొద్దున్నుంచి చీకటి పడేదాకా గదిలోనే కూర్చున్నాడు.

"మీకేం పనీపాటా లేదా?" అని పిన్ని విసుక్కుంది.

"ఇదే పని" అన్నాడు. ఆ ఓపిక చూసి నాకు ముచ్చటేసింది.

కిటికీ దగ్గర పొద్దుటిపూట లేత ఎండ వస్తుందని తేలింది. ఈసారి పూలు చూసి మోసపోకుండా, కాడ నిండా మొగ్గలున్న ఆర్కిడ్ మొక్క తెచ్చాడు. మొక్క మొదట్లో వేలు పెట్టి చూసి, ఆరితేనే నీళ్ళు పోశాడు. మొగ్గలు ఉబ్బాయి, పూలు విచ్చుకోవడం మొదలైంది. కానీ అన్నీ వెలుగు కోసం కిటికీవైపే తిరిగాయి. మంచం మీదికి వాటి వీపులే కనబడుతున్నాయి. బాబాయి కుండీని ఇటు తిప్పాడు. కొన్నాళ్ళకి అవి మళ్ళీ అటే వంగాయి. ఆయన మళ్ళీ ఇటు తిప్పాడు. దాంతో ఓ మొగ్గ పసుపుబారి రాలిపోయింది.

ఆ మొగ్గని అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు బాబాయి. పాపం, బిక్కమొహం వేశాడు.

"తిప్పకపోతే నీకు కనబడవు. తిప్పితే అవి నిలబడేట్టు లేవు. ఏం చెయ్యమంటావే?"

 పిన్ని దుప్పటి పక్కకి తోసి, ఒక్కో కాలే కిందికి దించింది. మంచంకోడు గట్టిగా పట్టుకుంది.

"దాని మానాన దాన్ని వదిలెయ్యండి. నేనే అటొచ్చి చూస్తాను. ముందిలా వచ్చి చెయ్యివ్వండి."