పింగాణీ ఊళ్ళ పళ్లెం

మొన్న మిస్సిసాగాలో మిత్రుల ఇంటికి భోజనానికి వెళ్ళి, వడ్డన మొదలవకముందే నా ముందున్న పళ్లెం తిరగేసి వెనక ముద్ర చూశాను. మావారు కళ్ళతోనే కసిరారు. ఏం చేయను, స్కార్‌బరోలో చదువుకునే రోజుల్లో నేను అద్దెకున్న ఇంటావిడ దగ్గర అంటుకున్న జబ్బు ఇది.

ఆవిడను మేం మామ్మ అనేవాళ్ళం. ఇంగ్లండులో పింగాణీ సామాను చేసే ఆరు ఊళ్ళలో ఒకటైన బర్స్‌లమ్ ఆవిడది. అక్కడివాళ్ళు ఎవరింట్లోనైనా పళ్లెం తిరగేసి, ఎవరు చేశారో చూడందే ముద్ద ఎత్తరట. ఆదివారం టీ వేళ ఆరు కప్పులు వరుసగా పెట్టి, ఇది టన్‌స్టాల్, ఇది మా బర్స్‌లమ్, ఇది హాన్లీ అంటూ లాంగ్టన్ దాకా నడిపించేది. పక్కన పెట్టిన చెంచా, మట్టి పడవలు వచ్చే కాలువ. ఇళ్ళ మధ్యే సీసాల ఆకారంలో నిలబడ్డ బట్టీలు, అవి రాజేసిన రోజు ఆరేసిన బట్టలన్నీ మళ్ళీ ఉతుక్కునేంత మసి, బల్లల ముందు కూర్చుని పళ్లేల మీద పూలు వేసే ఆడవాళ్ళు. మామ్మ తల్లి కూడా ఆ పనే చేసేది. ఆమె పూలు వేసిన పళ్లెం ఒకటి అలమరలో ఉండేది. మేం కునికిపాట్లు పడుతూనే అంతా వినేవాళ్ళం.

మేమంటే నేనూ, నాతో ఆ బేస్‌మెంట్ పంచుకున్న కరీంనగర్ అక్కా. మన పిల్లలు విమానాలకు విమానాలే దిగుతున్న కాలమది. ఈ గది పోతే చలికాలంలో ఇంకోటి దొరికే ఆశ లేదు. అలాంటిది ఒక పొద్దున మామ్మ మమ్మల్ని పైకి పిలిచింది. అలమరలో తల్లి పళ్లెం లేదు. ఆవిడ గొంతు పెంచలేదు, అందుకే నాకు మరీ భయం వేసింది.

"ఇంటికి ఎవరూ రాలేదు. ఉన్నది మీరిద్దరే," అంది.

అక్క నా వైపు తిరిగింది. "పళ్లెం చీలి ఉండె. చీలింది ఇంట్ల ఉంటే అరిష్టమని, అలమర క్లీన్ చేసినప్పుడు నేనే పడేసిన," అని నాతో తెలుగులో గొణిగింది. మామ్మకు మేలు చేశాననే అనుకుందట! నాకు ఒళ్ళు మండింది. ఇంతలో వీధి మలుపులో చెత్తబండి రొద.

అక్క స్వెటరైనా లేకుండా, హవాయి చెప్పులతోనే మంచులోకి పరుగెత్తింది. బండి పక్కింటి డబ్బా ఎత్తుతోంది. మా డబ్బాను రెండు చేతులా కావలించుకుని "స్టాప్ అన్నా, స్టాప్!" అని అరిచింది. డ్రైవర్ బిత్తరపోయి ఆపాడు. సంచులన్నీ మంచులో కుమ్మరించాం. పగుళ్ళున్నవి ఎత్తేవాళ్ళ చేతికి గుచ్చుకోకుండా కాగితంలో చుట్టడం మనకు అలవాటు కదా, అక్క కూడా కిరాణాకొట్టు ఫ్లయర్లలో చుట్టి పడేసింది. అందుకే పళ్లెం బతికిపోయింది.

మామ్మ గుమ్మంలోనే నిలబడి పొట్లం విప్పింది. కొత్త దెబ్బ లేదు. అక్క ఏడుస్తూ తన అరిష్టం సంగతి ఇంగ్లీషులో చెప్పుకుంది. ఇక సామాను సర్దుకోమంటుందనే అనుకున్నాను. మామ్మ ఆ చీలిక వెంట వేలు పోనిచ్చింది.

"అమ్మ పూలు వేసిన మంచి పళ్లేలన్నీ ఓడలెక్కి వెళ్ళిపోయాయి. ఇది బట్టీలో చీలింది కాబట్టే ఇంటికి తెచ్చుకోనిచ్చారు. చీలకపోతే అమ్మ చేతిది నాకు ఒక్కటీ మిగిలేది కాదు," అంది. తర్వాత అక్క కాళ్ళు చూసి, "లోపలికి రండి, గడ్డకట్టిపోతారు," అని తలుపు తీసి పట్టుకుంది.

మామ్మ ఇప్పుడు లేదు. ఆ ఊళ్ళలో బట్టీలు ఆవిడ ఉండగానే ఆరిపోయాయి. స్కార్‌బరోలో ఏ చీకూచింతా లేని రోజులు నాకూ చాలానే గడిచి ఉంటాయి, ఒక్కటీ గుర్తులేదు. ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని మంచులో నిలబడ్డ ఆ పొద్దును మాత్రం, చీలిన పళ్లెంలా, కాలం నాకు వదిలేసింది.