నా చెట్టు పూలకు నేనే కానిదాన్నా

మాఘమాసంల మా కింది పోర్షన్ పెద్దమ్మ కన్నుమూసింది. గుండెనొప్పని దవాఖానకు తీస్కపోయిన్రు, తెల్లారేసరికి కబురొచ్చింది. ఆ వారమే ఆమె ఆకులన్నీ దూసిన గుండుమల్లె చెట్టు గేటు పక్కన మోడులెక్క నిలవడి ఉంది. చూడొచ్చిన చుట్టాలల్ల ఒకామె, "చెట్టు సుత ఆమెతోనే పోయినట్టుంది" అన్నది. నాకు ఒళ్లు మండింది. మెట్టుగూడల మా గల్లీకి కొత్తగ వచ్చినోళ్లు ఏటా అనే మాటే అది. పెద్దమ్మ జవాబు ఒక్కటే: "సచ్చుడు గాదది. తయారైతుంది."

చలికాలం షురూ కాంగనే చెట్టుకు నీళ్లు బంద్ వెట్టేది. మాఘంల కొమ్మల కొసలు కత్తిరించి, ఆకులు దూసి, మొదట్ల మట్టి తవ్వి ఎండ తగలనిచ్చేది. తర్వాత మేకల ఎరువేసి, నిండా నీళ్లు. "పచ్చగుంది గదా అని ముట్టకుంటే ఆకులే పెరుగుతయి, పూలెక్కడియి?" అనేది. దూసేటప్పుడు నా గోరు కణుపుకు తగిలిందా, చేతి మీద ఒక్కటి పడేది.

పడుచుగ ఉన్నప్పుడే ఆమె మొగుడు పోయిండు. అయినా మల్లెల కాలంల దినాం కొప్పుల మూరెడు దండ ఉండేది. ఒకసారి పక్కింట్ల వ్రతమని బుట్టెడు పూలు ఆమె చెట్టువే తెంపుకపోయిన్రు. ముత్తైదువలకు పంచుకుంట వచ్చి, ఆమె కాడికి రాంగనే పళ్లెం పక్కకు జరిపిన్రు. పెద్దమ్మ చెయ్యి చాపి దండ తీసుకొని, అందరి ముందటనే కొప్పుల తురుముకుంది. "నా చెట్టు పూలకు నేనే కానిదాన్నా?" అని అడిగింది. అరవలే, ఏడ్వలే. మళ్ల యాడాది వాళ్లే సిగ్గులేకుంట బుట్ట పట్టుకొచ్చిన్రు. ఇచ్చింది. పళ్లెంల మొదటి దండ మాత్రం ఆమెకే పెట్టిన్రు.

నా పెనిమిటి పోయినంక, మాతోనే ఉండే ఆడిబిడ్డ, మా వదిన, నా నెత్తిల పూలు తీయించింది. పెద్దమ్మ మాత్రం పొద్దుగూకంగ దండ కట్టి మా మెట్ల మీద పెట్టిపోయేది. "బొడ్డూడని నాడే మీ అమ్మ నీకు పూలు పెట్టింది. లగ్గంల వచ్చినయా బిడ్డా, ఆయనతోని పోనీకి?"

"వదిన ఊకోదు పెద్దమ్మా."

"ఊకోకపోతే ఒర్రుతది. ఒర్రితే ఏమైతది?"

ఆ దండలు నేను దేవుని పటాలకు వేసేదాన్ని. ఆమెకు తెల్సు. అయినా కట్టుడు బంద్ చేయలే. ఆమె లేకుంటే ఆ రోజులు ఎట్ల గడిపేదాన్నో నాకైతే తెల్వదు.

ఆమెను వాకిట్ల పండవెట్టినప్పుడు కొప్పు ఖాళీగ ఉంది. చెట్టు మీద మొగ్గ లేకపాయె. రెజిమెంటల్ బజార్ పోయి కనకాంబరాలు తెచ్చి పెట్టిన. "మొగుడు లేనామెకు పూలేంది?" అని ఎవరో గొణిగిన్రు. "ఆమెనే అడుగుండ్రి" అన్న.

అప్పటి సంది చెట్టుకు నీళ్లు నేనే పోస్తున్న. ఫాల్గుణంల కణుపు కణుపుకు చిగురొచ్చింది. నిన్న పొద్దుగూకంగ మొదటి మొగ్గలు తెంపి దండ కట్టిన. ఆమె ఫొటోకు వేయమన్నరు చుట్టాలు. వేయలే. నా నెత్తిల పెట్టుకొని బజారుకు బయలుదేరిన.

మెట్ల మీద వదిన ఎదురైంది. ఆమె సూపు నా నెత్తి మీదనే ఉంది.

"ఏందిది?"

"పెద్దమ్మ చెట్టువి" అన్న. మంచిగ కనవడాలని జడ ముందటికేసుకొని, ఒక్కొక్క మెట్టు మెల్లగ దిగిన.