ముసలావు పన్ను

క్యాసంబళ్ళి దాటాక ఒక గుట్ట మీద వేల ఏళ్ల నాటి రాతి సమాధులున్నాయని విని, చూద్దామని వెళ్లాను. నేను వెళ్లేసరికి ఒక సమాధిని ఎవరో గడ్డపారలతో పగలగొట్టేసి పోయారు. పైకప్పు బండ రెండు ముక్కలైంది. కుండ పెంకులు, ఎముకలు మట్టిలో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

అక్కడే ఆవుల్ని మేపుకుంటున్న ఒక పెద్దావిడ ఆ ఎముకల్ని ఏరి మళ్లీ గుంతలో పెడుతోంది.

"బంగారు గనులు మూసినప్పటి నుంచి ఇదే కత. ఈ సీమలో యాడ తవ్వినా బంగారం ఉండాదనుకుంటారు, నా కొడుకులు! ఈ సమాధుల్లో ఉండేది ఆవుల్ని మేపుకొని బతికినోళ్లు, వాళ్ల కాడ బంగారం యాడుంటాదప్పా?" అంది.

పండితులు ఎముకలు పరీక్షించి చెప్పే మాట ఆమె నోట వినేసరికి ఆశ్చర్యపోయి, ఎలా తెలుసని అడిగాను. ఆమె మట్టిలోంచి ఒక పన్ను తీసి చూపించింది.

"ఎంత అరిగిపోయిందో చూడప్పా. ఇది ముసలావు పన్ను. పాలు వట్టిపోయినా సాకినారు. చచ్చినాక తమ పక్కనే పెట్టుకున్నారు. ఇంగ ఈళ్లేమో దాన్ని నిమ్మళంగా పడుకోనీరు."

నేను కూడా ఆ దొంగల్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఒక్కొక్కణ్ణీ జైల్లో వెయ్యాలన్నాను. ఆమె గుంతలోకి మట్టి తోయబోయి ఆగి, నా వైపు చెయ్యి చాచింది.

"వచ్చీరాంగానే నీ జేబులో ఏసుకున్న పన్ను కూడా ఇయ్యప్పా."