తమ్ముడి పెళ్లికి నేను వేసిన బ్రేకులు

షామియానాను కారు మీద కప్పుకుని, దాని కింద నుంచి హారన్ కొట్టుకుంటూ, సొంత తమ్ముడి నలుగు పీట దాకా వచ్చిన అక్క సికింద్రాబాదులో నేనొక్కదాన్నే అనుకుంటాను. ఇంకెవరైనా ఉంటే చెప్పండి, ఇద్దరం కూర్చుని చాయ్ తాగుదాం. ఎవరికీ దెబ్బలు తగల్లేదని ముందే చెప్పేస్తున్నాను. తగిలిందల్లా నా పరువుకే. అది ఇప్పటికీ కుంటుతూనే ఉంది.

మా ఇల్లు మెట్టుగూడలో ఒక వాలు గల్లీకి పై కొసన ఉంటుంది. బేగంపేటలో ఉద్యోగం చేసుకుంటూ, పెళ్లి చేసుకోమని ఇంట్లో అందరూ అంటుంటే, నేను వెళ్లి కారు కొనుక్కొచ్చాను. ఎర్రటి స్పోర్ట్స్ కారు, సెకండ్ హ్యాండ్, రెండే సీట్లు. అందులో కూర్చుంటే నేల మీద పీట వేసుకుని కూర్చున్నట్టే ఉంటుంది. మా అమ్మను అందులో ఎక్కించడం తేలికే. దించాలంటే మాత్రం ఇద్దరు మనుషులు కావాలి.

కారుకు ఒక్కటే జబ్బు. బ్రేకు తొక్కితే కీచుమని అరిచేది. ఆ అరుపు వినగానే మా గల్లీ కుక్కలు నిద్రలోనే లేచి పక్కకు జరిగేవి. ఇంతలో తమ్ముడు నవీన్ పెళ్లి కుదిరింది. బరాత్‌లో పెళ్లికొడుకు కూర్చునేది నా కారులోనే అని తేలిపోయింది. పెళ్లికి ముందు శుక్రవారం, చుట్టాలందరం భోజనాలకు కూర్చున్నప్పుడు రమేశ్ బావ ఆ అరుపు సంగతి ఎత్తాడు. ఈయన మా పెద్దమ్మ అల్లుడు. ఎవరినైనా ఉడికించకపోతే ఆయనకు అన్నం అరగదు.

"స్వప్నా, గీ కారేందే, బ్రేకు తొక్కితే ఏడుస్తది. బరాత్‌ల మేము బ్యాండ్ వినాల్నా, దీని ఏడుపు వినాల్నా?"

"ప్యాడ్లు అరిగినయ్ బావా. కొత్తవి తెచ్చి పెట్టిన. షెడ్డుల అడిగితే వారం ఆగుమంటున్నరు."

"మరి పెళ్లి సుత వారం ఆపుదామా?"

"అవసరం లేదు. ఇంట్లనే నేనే మారుస్తా."

బావ ముద్ద పళ్లెంలో పెట్టేసి మరీ నవ్వాడు. "బ్రేక్ ప్యాడ్లు మార్చుడంటే నెయిల్ పాలిష్ మార్చుడు గాదు."

ఆ మాట దగ్గర ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ పెరుగన్నంలో చెయ్యి పెట్టుకుని నేను ఇలా అన్నాను: "రేపు పొద్దున మారుస్తా, ఎల్లుండి పెళ్లికొడుకును దాంట్లనే తీస్కపోతా. నువ్వు చూస్తనే ఉండు."

శనివారం పొద్దున్నే పని షురూ చేశాను. పాత చుడీదార్ వేసుకుని, జుట్టు ముడి పెట్టి, ఫోన్‌ను ఒక ఇటుకకు ఆనించి, అందులో వీడియో పెట్టుకుని వాకిట్లో కూర్చున్నాను. కారును ముందు రోజే వెనక్కి నడిపి లోపల పెట్టాను కాబట్టి దాని ముక్కు గేటు వైపే ఉంది. వాకిలి కూడా కొంచెం అటే వాలు, గేటు దాటితే ఇంకా వాలు. వాలు మీద కొంత దూరంలో, గల్లీకి అడ్డంగా, మా పెళ్లి షామియానా. ఆ పూట అక్కడ నవీన్‌కు నలుగు పెడుతున్నారు.

మొదటి తప్పు మొదటి నిమిషంలోనే చేశాను. కారును జాకీ మీద లేపి, ఆ తర్వాత చక్రం నట్లు విప్పబోయాను. గాలిలో ఉన్న చక్రం నట్టుతో పాటు తనూ తిరగసాగింది. నేను పానా పట్టుకుని దాని చుట్టూ పిండిమర తిప్పుతున్నట్టు తిరిగాను. ఆ సమయానికి మా నాన్న వచ్చారు.

నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో జీతాల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యారు. పానా అనే వస్తువును ఉద్యోగంలో ఎన్నడూ పట్టలేదు. అయినా అన్నేళ్లు వర్క్‌షాపు గేటు లోపలికి పోయి వచ్చారు కాబట్టి, చక్రాలున్న ప్రతిదీ తనకు తెలుసని ఆయన గట్టి నమ్మకం.

"బిడ్డా, గట్ల గాదు. రైలుకైతే ముందు గార్డు జెండా ఊపాలె."

"ఇది కారు డాడీ."

"చక్రం ఎక్కడున్నా చక్రమే. నేను జెర పట్టుకుంటా, నువ్వు తిప్పు."

ఆయన చక్రాన్ని కౌగిలించుకున్నారు. పెళ్లికని కుట్టించుకున్న తెల్ల లాల్చీ మీద నల్లటి చక్రం అచ్చు పడింది. ఏమైతేనేం, చివరికి కారును కిందికి దించి, నట్లు వదులు చేసి, మళ్లీ లేపాక చక్రం ఊడింది.

లోపల ఉన్నదాన్ని చూస్తే నాకు ధైర్యం వచ్చింది. ఒక ఇనుప పళ్లెం, దాన్ని రెండు వైపుల నుంచి పట్టుకునే ఇనుప దవడ, ఆ దవడలో రెండు ప్యాడ్లు. బ్రేకు తొక్కితే దవడ మూసుకుంటుంది, ప్యాడ్లు పళ్లేన్ని నొక్కుతాయి, కారు ఆగుతుంది. ఇంతోటి దానికి షెడ్డు వాళ్లు వారం ఆగమంటారా అని కోపం కూడా వచ్చింది. పాత ప్యాడ్లు అరిగి అప్పడాల్లా ఉన్నాయి. కొత్తవి మందంగా ఉన్నాయి. అవి పట్టాలంటే దవడను బాగా వెనక్కి నెట్టి తెరవాలి. కార్పెంటర్ దగ్గర అడిగి తెచ్చిన, చెక్కలు బిగించే క్లాంపు పెట్టి, పళ్లు బిగించి నెట్టాను. నేను మూలుగుతుంటే నాన్న కూడా పక్కన కూర్చుని మూలిగారు. దవడ నోరు తెరిచింది. కొత్త ప్యాడ్లు కూర్చున్నాయి.

రెండో వైపు కూడా అదే తంతు. చక్రాలు బిగించి, జాకీ దించి, చేతులు దులుపుకున్నాను. వీడియోలో ఆ మనిషి ఇంకా ఏదో చెప్పబోతున్నాడు. ఇక మిగిలింది లైక్ కొట్టండి, సబ్‌స్క్రైబ్ చేసుకోండి అనే బతిమాలుడే కదా అని ఫోన్ ఆపేశాను. ఈ ముక్క గుర్తుంచుకోండి. నా బతుకు బస్టాండయింది సరిగ్గా ఇక్కడే.

"డాడీ, గేటు తీయండి. ఒక రౌండ్ వేసి చూద్దాం."

నాన్న గేటు తెరిచి, మెడలోని కండువా తీసి గార్డులా ఊపారు. నేను కారులో కూర్చుని హ్యాండ్‌బ్రేక్ దించాను. ఇంజను ఇంకా స్టార్ట్ చెయ్యనేలేదు, కారు తనంతట తనే గేటు దాటింది. భలే తేలిగ్గా కదులుతోందే అని మురిసిపోతూ బ్రేకు తొక్కాను. కాలు బురదలో దిగినట్టు సర్రున కిందికి పోయింది. కారు మాత్రం ఆగలేదు.

వేగం ఎంతో ఊహించుకుని కంగారు పడకండి. సంతకు పోయే ముసలమ్మ నడక కంటే కొంచెం ఎక్కువ. నిజానికి అదే నాకు జరిగిన అన్యాయం. వేగంగా పోయి ఉంటే జనం భయపడి జాలిపడేవారు. నెమ్మదిగా పోవడం వల్ల అందరికీ నన్ను చూసే తీరిక, తిట్టే తీరిక దొరికింది.

షామియానా మొదట్లోనే పెద్దమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఏందే, కారేసుకొని ఇటే వస్తున్నవ్?"

"బ్రేకు పడ్తలేదు పెద్దమ్మా."

"పడకుంటే ఆపు మరి."

"ఆపేతందుకే బ్రేకు కావాలె పెద్దమ్మా."

మా మేనమామ లేచి, తన కుర్చీ మడిచి చంకలో పెట్టుకుని, చాయ్ కప్పు ఒలకకుండా పట్టుకుని, పెద్దమ్మను భుజంతో పక్కకు జరిపి నాకు దారిచ్చాడు. నేను ఆయనకు థాంక్స్ కూడా చెప్పాను. అంత తీరిక ఉంది. ఫోటోగ్రాఫర్ అయితే ఇదంతా ముందే అనుకున్న ఎంట్రీ అనుకున్నాడు. కెమెరా కంటికి ఆనించుకుని వెనక్కి నడుస్తూ, "మేడమ్, జెర స్లోగ రండి, జెర నవ్వుండి" అన్నాడు. ఇంత జరుగుతున్నా నా కుడి చెయ్యి హారన్ మీదే ఉంది. బ్రేకు పని చెయ్యనప్పుడు పని చేసేదేదో అదైనా వాడాలి కదా. హ్యాండ్‌బ్రేక్ అనేది ఒకటి ఉందని, దాన్ని అరనిమిషం కింద నేనే దించానని నాకు తట్టనే లేదు.

ముందు టెంట్ గుంజ ఒరిగింది. తర్వాత షామియానా మెల్లగా, దుప్పటి కప్పినట్టు, కారు మీద వాలింది. నాకు లోకమంతా ఎరుపు, పసుపు చారల గుడ్డే. గుడ్డ అవతల ఆడవాళ్లు లేచి పరుగెత్తిన గాజుల చప్పుడు, పసుపు గిన్నె ఎగిరి బానెట్ మీద పడ్డ చప్పుడు వినిపించాయి. చుట్టాలు పడుకోవడానికి టెంట్ హౌస్ నుంచి తెప్పించిన పరుపుల గుట్టలో ముక్కు దూర్చి, కారు హాయిగా ఆగింది.

గుడ్డ తొలగించి చూస్తే, ఎదురుగా పీట మీద మా నవీన్. ఒళ్లంతా పసుపు. లేద్దామని సగం లేచి, పంచె పీట కింద ఇరుక్కుని, అటూ ఇటూ కాకుండా వంగి నిలబడ్డాడు. గుడ్డలోంచి కారి, నా ఎర్ర కారు బానెట్ కూడా నిండా పసుపే. మేమిద్దరం ఒకరినొకరం చూసుకున్నాం.

"అక్కా, నాకు పెట్టేదుండె, కారుకు పెట్టినవా నలుగు?"

మామ తలుపు తీసి, చెయ్యి లోపలికి పెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగాడు. "బిడ్డా, మరి గిది దేనికున్నది?" అని చాలా మర్యాదగా అడిగాడు. తిట్టినా బాగుండేది. అమ్మ నన్ను తల నుంచి కాళ్ల దాకా తడిమి చూసి, దెబ్బల్లేవని తేలాక వీపు మీద ఒకటి ఇచ్చింది. ఆ తర్వాత అక్కడ ఎవరు మొదట నవ్వారో తెలియదు. ఆ నవ్వులు పక్క గల్లీకి కూడా వినిపించాయని తర్వాత చెప్పారు.

మధ్యాహ్నం గదిలో తలుపేసుకుని ఆ వీడియో మిగతా ముక్క చూశాను. ఆ మనిషి ఎంతో శాంతంగా చెబుతున్నాడు. మనం దవడను వెనక్కి నెట్టి తెరిచాం కాబట్టి ప్యాడ్లు పళ్లేనికి దూరంగా ఉంటాయట. అందుకని కారు కదిలించే ముందే, నిలబెట్టి ఉండగానే, పెడల్ గట్టిపడేదాకా మళ్లీ మళ్లీ తొక్కాలట. ఇది మర్చిపోతే ప్రమాదమట. నేను కిందికి వెళ్లి తొక్కాను. పెడల్ రాయిలా గట్టిపడింది. గల్లీలో అటూ ఇటూ నడిపి చూశాను. బ్రేకు వేసిన చోట వేసినట్టు, కీచుమనకుండా, కారు టక్కున ఆగింది. నా పనిలో లోపమే లేదు. కాలు వెయ్యడంలోనే ఆలస్యం.

కానీ నమ్మేదెవరు?

"నేను బైక్ మీద పోత," అన్నాడు నవీన్.

"కారు అయితే రావాలె," అంది పెద్దమ్మ. "పిల్లగాని అత్తగారోళ్లందరికి ఎర్ర కారు అని చెప్పుకున్న. కాని ఇంజను స్టార్ట్ చెయ్యద్దు. ఇంజనే లేకుంటే బ్రేకుతోటి పనేంది?"

"మరి ఎట్ల పోతది?" అన్నాడు రమేశ్ బావ నవ్వుతూ.

"నువ్వు గుంజుతవ్," అంది పెద్దమ్మ.

బావ నవ్వు అక్కడే ఆగిపోయింది. అత్తగారి మాటకు ఎదురు చెప్పడం ఆయన జాతకంలో లేదు.

ఆదివారం పొద్దున బరాత్ బయల్దేరింది. ఫంక్షన్ హాలు దూరమేమీ కాదు. కారుకు ముందు రెండు మోకులు, వెనక రెండు మోకులు కట్టారు. ముందున్నవాళ్లు గుంజుతున్నారు, వెనకున్నవాళ్లు వాలు రాగానే బిగబట్టి ఆపుతున్నారు. ఇంజను లేని స్టీరింగ్ తిప్పలేక నేను చెమటలు కక్కుతుంటే, పక్కన నవీన్ బాసికం కట్టుకుని దేవుడిలా కూర్చున్నాడు. బ్యాండ్ వాళ్లు వరస మార్చినప్పుడల్లా గుంజేవాళ్లు తాళ్లు వదిలి నాలుగు స్టెప్పులేసి, మళ్లీ పట్టుకునేవారు. ముందు తాడు పట్టుకున్న రమేశ్ బావ షేర్వాణీ వీపంతా తడిసిపోయింది. నేను అద్దం దించి తల బయట పెట్టాను.

"బావా, పరేషాన్ అయితున్నవా? నెయిల్ పాలిష్ ఏసుడు గాదు గద."

ఆయన వెనక్కి చూడలేదు. చూసే ఓపిక ఉంటే కదా.

హాలు గేటు దగ్గర పెళ్లికూతురి నాన్న హారతి పళ్లేల వెనక నిలబడి వింతగా చూశారు. "ఏం సంగతి బావగారు, పెట్రోల్ అయిపోయిందా?"

రమేశ్ బావ తాడు వదిలి మొహం తుడుచుకున్నాడు. అప్పుడు మా నాన్న, జీవితంలో రైలు టికెట్ లేకుండా ఒక్క స్టేషన్ కూడా దాటని మనిషి, ముందుకు వచ్చి కండువా సర్దుకున్నారు.

"లేదు బావగారు. మా ఇంట్ల పెళ్లికొడుకును మనుషులే గుంజుకరావాలె. ఆనవాయితీ."

"ఎప్పటిసంది?"

"మా తాతల కాలం సంది."

"అప్పుడు కార్లు ఎక్కడియి?"

"అప్పుడు బండి. ఎడ్లను ఇప్పి పక్కకు పెట్టి, మనుషులే గుంజెటోళ్లు."

పెళ్లికూతురి నాన్న మొహం చూస్తే కళ్లు చెమర్చినట్టున్నాయి. "ఈ కాలంల గిట్ల పద్ధతులు ఎవరు పాటిస్తున్నరు," అని చెప్పులు విడిచి, తనూ ఒక తాడు పట్టుకున్నారు. ఆయన వెనక వాళ్ల అన్నదమ్ములు, వాళ్ల వెనక మేనల్లుళ్లు. రెండు వైపుల వాళ్లూ కలిసి ఒక్క ఊపున గుంజితే నా కారు ఎగిరినట్టు హాలు గేటు లోపలికి పోయింది. ఆ ఊపుకు నేను బ్రేకు తొక్కాల్సి వచ్చింది. చక్కగా పడింది. ఎవరూ గమనించలేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. మొన్న నవీన్ బావమరిదికి పెళ్లి కుదిరింది. నవీన్ మామగారు నాకే ఫోన్ చేశారు. "స్వప్నమ్మా, ఆ ఆనవాయితీ మా ఇంటికి సుత మంచిగ కలిసొచ్చింది. మా పిలగానికి సుత నీ కారే కావాలె. తాళ్లు మేమే తెస్తం. నువ్వు ఇంజను మాత్రం స్టార్ట్ చెయ్యకు తల్లీ, పద్ధతి తప్పుతది." ఆ తర్వాత ఆయన తమ్ముడి కొడుకు వంతు ఉందట. రమేశ్ బావ ఇప్పటి నుంచే నడుం నొప్పి అని చెప్పుకు తిరుగుతున్నాడు.

కనుక, మెట్టుగూడ గల్లీ సాక్షిగా, చిరిగిన ఆ షామియానా సాక్షిగా, నేను గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో బ్రేక్ ప్యాడ్ల జోలికి పోను. మళ్లీ మార్చాల్సి వస్తే, వారం కాదు, నెలైనా సరే, షెడ్డు ముందే కూర్చుంటాను. అయినా ఆ అవసరం రాదేమో. కారును ఇలా మనుషులే గుంజుకుంటూ పోతుంటే, నేను వేసిన ప్యాడ్లు ఇప్పట్లో అరిగేలా లేవు.