ముప్పై అంగుళాల నడికట్టు

టైలరుకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. కొత్త దారపు ఉండను కూడా విప్పి కొలిచేవాడు. తన కొలతల పుస్తకాన్ని తప్ప దేన్నీ నమ్మేవాడు కాదు. ముప్పై ఏళ్లుగా బిషప్ హౌస్ కుట్టుపని అతనిదే. ఫాదర్లకు తెల్లంగీలు, మోన్సిగ్నోర్‌కు ఊదా గుండీల నల్లంగీ, బిషప్‌కు ఊదా నడికట్టు. ఎవరి హోదా ఏమిటో అతని కత్తెరకు తెలుసు.

సోమవారం మోన్సిగ్నోర్ వచ్చారు. బిషప్ తర్వాత అంతటివారు. బల్ల మీద ఒక కాగితం పెట్టి, "బిషప్ వేసుకునే అంగీ, నడికట్టు. ఆదివారానికి కావాలి. ఎవరితోనూ అనొద్దు," అన్నారు.

"ఎవరికండీ?"

"కొలతలు రాశాగా."

కాగితంలో నడుము ముప్పై. పుస్తకంలో బిషప్ గారిది నలభై రెండు, మోన్సిగ్నోర్‌ది నలభై. టైలరు రెండుసార్లు సరిచూశాడు. బిషప్ గారికి నలతగా ఉందని, మేడ దిగడం లేదని ఆరు నెలలుగా వింటున్నాడు. ఆయన ఉండగానే వెనకాల ఇంకెవరికో పీఠం సర్దేస్తున్నారన్నమాట. గిరాకీ లేక కొట్టు మూసుకోబోయిన రోజుల్లో పిలిచి పని ఇచ్చిన మనిషి ఆయన. ఆయనకు ద్రోహం చేసే గుడ్డ మీద కత్తెర పెట్టకూడదనుకున్నాడు.

"ఎవరి నడుమైతే నీకేంటయ్యా, కుట్టి పడెయ్యక," అంది భార్య.

"నీకు తెలీదు. మోన్సిగ్నోర్ నా మొహం వంక చూళ్లేదు."

మిషను చెడిందని ఒకరోజు, గుండీలు దొరకలేదని ఒకరోజు అబద్ధాలాడి శనివారం దాకా నెట్టుకొచ్చాడు. ఆ మధ్యాహ్నం కాగితం జేబులో పెట్టుకుని, ఉన్నదంతా చెప్పెయ్యాలని బిషప్ హౌస్ మేడ ఎక్కాడు.

కిటికీ పక్క కుర్చీలో బిషప్ గారున్నారు. అంగీ ఎవరిదో తొడుక్కున్నట్టు వేలాడుతోంది. నడికట్టు జారి ఒళ్లో పడి ఉంది. టైలరు కంటి కొలత ఎప్పుడూ తప్పదు. ముప్పై.

"వచ్చావా? రేపు కొత్త ఫాదర్లకు గురుపట్టాభిషేకం. ఇక నా చేత్తో చేసేది ఇదే ఆఖరు. ఇలా జారిపోతుంటే జనం బెంగపడతారని మోన్సిగ్నోర్‌ని పంపాను. నా ఒళ్లు ఇలా అయిందని మాత్రం చెప్పొద్దన్నాను. తెచ్చావా?"

టైలరు జేబు మీద చెయ్యి వేసుకుని సిగ్గుతో చచ్చిపోయాడు. కొత్తది కుట్టే వ్యవధి ఇక లేదు.

"పాతదే సరిచేస్తాను తండ్రీ," అన్నాడు. పక్కలు లోపలికి మడిచి, పిన్నులు పెట్టి, విప్పించుకుని, అక్కడే నేల మీద కూర్చుని చేత్తో కుట్టాడు.

ఆదివారం నడికట్టు జారలేదు. టైలరు ఇంటికొచ్చి పుస్తకం తెరిచాడు. బిషప్ గారి పేజీలో నలభై రెండు కొట్టేసి ముప్పై రాయబోయాడు. చెయ్యి రాలేదు.