సున్నం కొట్టని ఇల్లు

తర్లుపాడుకు ఆమడ దూరంలో నేను మిషన్ బడి నడిపిన పల్లెలో ఒకటే వీధి, పన్నెండిళ్లు. మట్టీ సున్నమూ లేకుండా పలకరాయి మీద పలకరాయి పేర్చి ఏ కాలంలోనో కట్టినవి. వాటి కింద మంచి పలక ఉందని గని కంట్రాక్టరు వీధి మొత్తం లీజుకు అడిగాడు. పల్లెలో చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సంగతి ఎవరినీ మరిచిపోనిచ్చేవాణ్ణి కాదు. పురాతన కట్టడమని సర్కారు ముద్ర పడితే ఇక దాని జోలికెవరూ రాకూడదని విని, మద్రాసులో పాత కట్టడాలు చూసే ఆఫీసుకు అర్జీ రాశాను.

చూడటానికి దొర వస్తున్నాడని జవాబొచ్చింది. మా తాలూకాలో అధికారి వస్తున్నాడంటే ముందు గోడలకు సున్నం పడాలి. టీకాల డాక్టరుకైనా, బడుల ఇన్‌స్పెక్టరుకైనా అదే మర్యాద. నేనే దగ్గరుండి కొట్టించాను, అంచులకు ఎర్రమన్ను పట్టీలతో సహా.

వీధి చివర ఒంటరిగా ఉండే అవ్వ మాత్రం ఒప్పుకోలేదు. ఆ రాళ్లు తన మామగారి తాత పేర్చినవని, వాటికి ముసుగెందుకని అంది. నీవల్ల పల్లె పరువు పోతుందని అందరి ముందూ కసిరాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

దొర వచ్చాడు. తెల్లటి పదకొండిళ్లనూ ఒక్క చూపులో దాటేసి, ఇవి నిన్నమొన్నటివని గుమాస్తాతో రాయించాడు. నేను గోడ గీకి చూపించబోయాను. నా గోళ్లు తెల్లబడ్డాయి గానీ ఆయన ఆగలేదు. అవ్వ గోడ దగ్గర మాత్రం టోపీ తీసి నిలబడ్డాడు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారే, అదీ నా పని.

ముద్ర ఆ ఒక్క ఇంటికే పడింది. మిగతావి గనిలో కలిశాయి, ఆ ఇళ్లవాళ్లంతా కొనకనమిట్ల వైపు కూలికి పోయారు. అవ్వ గుమ్మం పక్కన ఇనుప బోర్డు పాతారు, రాయి కదిలిస్తే శిక్ష అని. కాపలాకు జవాన్ని కూడా పెట్టారు. ఆ వానాకాలం గనిలో మందు పేలిన అదురుకు కప్పు మీది పలక ఒకటి జారి, ఇల్లంతా కురిసింది. జవాను ఎవరినీ ఎక్కనివ్వలేదు. పలక సర్దుకోనివ్వమని మళ్లీ అర్జీ పెట్టాను. జవాబు రాలేదు.

అవ్వ చాప, కుండ తెచ్చుకుని, వీధికి ఎడంగా ఉన్న నా బడి వసారాలో చేరింది. తెల్లటి గోడకు ఆనుకుని కూర్చుని అడిగింది.

"నాయనా, ఆ మొదటి కాగితంలో నన్ను గురించి ఏమన్నా రాసినావా?"

నకలు తీసి చదివాను. గోడల పొడుగూ ఎత్తూ మందమూ అన్నీ ఉన్నాయి.