ఇంటిపేరు అడిగిన పాపం

జైలు నుంచి విడుదలైనవాళ్ళకి కొత్త పేరు, కొత్త ఊరు ఇచ్చి బతకనివ్వాలా వద్దా అని మొన్న టీవీలో పెద్దమనుషులు గంటసేపు అరుచుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. ప్రభుత్వం కార్డు ఇస్తుంది, సరే. నాలాంటి ముసలాడు టీకొట్టు దగ్గర కూర్చుని "నీ ఇంటిపేరేటి?" అంటే ఏ కార్డు కాపాడుతుంది?

నేను బడి మొహం చూడలేదు. పోర్టులో బస్తాలు మోసే రోజుల్లో పప్పు పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదువు నేర్చుకున్నాను. అలా చదివింది ఒక్క ముక్క మరిచిపోను. అదే నా గొప్ప.

జాలరిపేటలో పడవలు బాగుచేసే ఒకతను మూడేళ్ళు మా మధ్యే ఉన్నాడు. పనిమంతుడు, ఎవరి జోలికీ పోడు. ఒకరోజు టీకొట్టు దగ్గర పదిమందిలో పట్టుకున్నాను.

"బావా, ఏ ఊరన్నావ్?"

చెప్పాడు.

"ఇంటిపేరో?"

అదీ చెప్పాడు.

"ఆ ఊర్లో ఆ ఇంటిపేరోళ్ళు ఒక్కరు కూడా నేరే! నాకు తెలీదేటి?"

"ఒగ్గేయ్ బావా, టీ సల్లారిపోతంది," అని నవ్వుతూ తల పక్కకి తిప్పుకున్నాడు. తలగుడ్డ జరిగి కనిపించిన ఎడమ చెవి సగమే ఉంది. ఎన్నడో పొట్లం కాగితం మీద చూసిన ఫొటో కళ్ళముందు నిలిచింది. బావమరిదిని తెడ్డుతో కొట్టి చంపినవాడు. నోరు ఆగలేదు. అసలు పేరు పెట్టి పిలిచాను.

అతను గ్లాసు కింద పెట్టాడు. "పన్నెండేళ్ళు జైలు నోపలున్నాను బావా. అయిపోనాదనుకున్నాను."

మర్నాటి నుంచి ఎవరూ పడవ ఇవ్వలేదు. నెల తిరక్కుండా పేట విడిచిపోయాడు. "తాత బుర్రంటే బుర్రే!" అని నన్ను మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను కూడా. ఆ పొంగు తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

పోయిన చలికాలం భీమునిపట్నం వెళ్ళాను. ఒడ్డున ఒక పడవకి పట్టిన నాచు గీకుతూ అతనే! నన్ను చూసి చెయ్యి ఆపేశాడు.

పడవ యజమాని అడిగాడు. "ఏటి తాతా, మావోడు నీకు ఎరికేటి?"

"ఎప్పుడూ చూళ్ళేదు బాబూ," అన్నాను. చేసిన తప్పు దిద్దుకున్నానని గుండె తేలికపడి బస్సెక్కాను.

వారం తిరిగేసరికి ఆగలేక మళ్ళీ వెళ్ళాను. సగం గీకిన పడవ బోర్లా పడి ఉంది.

"నువ్వెళ్ళిన సాయంత్రమే సంచీ సర్దుకుని పోనాడు తాతా. బంగారంలాంటి పనోడు. ఎందుకు పోనాడో నీకేటైనా తెలుసా?"

తెలీదన్నాను. వారం కిందటి అబద్ధం అతని కోసం. ఇది నా కోసమే.